థైరాయిడ్ మాత్ర సేవించువారు మన ఔషధములతో పాటింపవలసిన జాగ్రత్తలు

గత మాఘమాసంలో మల్కాజ్‌గిరి నుండి ఒక సోదరి నా వద్దకు వచ్చినారు. వయస్సు నలభై దాటినది. ముఖం ఉబ్బి, చర్మం పొడిబారి, మాట మందగించి ఉన్నది. ఐదు సంవత్సరాలుగా థైరాక్సిన్ మాత్ర సేవిస్తున్నారు. "డాక్టరుగారు మోతాదు రెండుసార్లు పెంచారండీ. అయినా టి.ఎస్.హెచ్. దిగలేదు. ఈ ఇంగ్లీషు మందు నాకు పడదేమో! అది మానేసి మీ మందే వాడతాను" అన్నారు.

మాత్ర ఏ విధంగా సేవిస్తున్నారని అడిగినాను. "పొద్దున్నే నవాయస లోహం, ప్రవాళ పిష్టి, ఆ మాత్ర మూడూ కలిపి వేసుకుని, వెంటనే కాఫీ తాగుతానండీ" అన్నారు.

ఆ నవాయస లోహం, ప్రవాళ పిష్టి ఏడాది క్రితం పాండురోగానికి, నీరసానికి నేను వ్రాసి ఇచ్చినవే. వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఆనాడు నేను అడుగలేదు. దోషం మాత్రది కాదు, ఆమెది అంతకన్నా కాదు.

జరిగినదేమో వివరిస్తాను. థైరాక్సిన్ చిన్న ప్రేవులలో పీల్చుకొనబడే మందు. లోహం, సున్నం కడుపులో దానితో కలిసినచో దానిని పట్టి ఉంచుతాయి. మాత్రలో కొంత భాగం రక్తంలో చేరకయే మలంతో బయటకు పోతుంది. నవాయస లోహంలో సగభాగం లోహభస్మమే. ప్రవాళం పగడము, అనగా ప్రధానంగా సున్నమే. అందువలన ఆమె మ్రింగుతున్నది పూర్తి మాత్రయే అయినా శరీరానికి అందుతున్నది కొంతే. మండూర భస్మం, లోహాసవం, శంఖ భస్మం, ముత్యపు చిప్పల భస్మం వాడేవారికి, అల్లోపతి వైద్యులు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలు, ఆమ్లపిత్తానికి వాడే తెల్లని ద్రావకాలు తీసుకొనేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వీటికి, థైరాక్సిన్ మాత్రకు మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండవలెను. ఇసబ్‌గోలును కూడా దూరంగానే ఉంచుట మేలు.

ఆమె చేత నా మందులను రాత్రి భోజనానంతరానికి మార్పించినాను. అంతటితో ఊరకుండరాదు. అడ్డు తొలగిన తరువాత, అంతకు ముందు పెంచిన మోతాదే ఎక్కువ కావచ్చును. ఎక్కువైనచో గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి కలుగుతాయి. దీర్ఘకాలం సాగితే ఎముకలు గుల్లబారుతాయి, వృద్ధులలో గుండె లయ తప్పవచ్చును. కనుక ఈ మార్పును వారి డాక్టరుకు తెలియజేయుమని చీటీ వ్రాసి ఇచ్చినాను. ఆరు వారాల తరువాత చేసిన పరీక్షను చూచి ఆయన 125 మైక్రోగ్రాముల మాత్రను 100కు దించినారు. నేటికి ఆమె కులాసాగా ఉన్నారు.

పాఠకులలో అనేకులు "మూలికలతో ఈ మాత్రను మానిపించలేరా?" అని అడుగుతారు. సుశ్రుతుడు నిదానస్థానంలో గలగండాన్ని వర్ణించినాడు. అది మెడలో కనబడే వాపు. నేడు మనం చూచే హైపోథైరాయిడ్ రోగులలో చాలామందికి వాపే ఉండదు. శరీరపు రక్షకశక్తి పొరబడి తన గ్రంథినే క్రమంగా నాశనం చేసుకొనుట వలన ఈ వ్యాధి కలుగుతుంది. ఎండిన బావికి చేద మార్చి ప్రయోజనమేమి? గ్రంథి తయారుచేయలేని ద్రవ్యాన్ని బయటి నుండి ఇచ్చుటయే ఈ చికిత్స. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అను వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి సారాన్ని ఒక స్త్రీకి ఎక్కించి మొదటిసారి ఫలితం సాధించినాడు. 1914లో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేసినాడు. నేటి మాత్ర గ్రంథి స్రవించే ఆ ద్రవ్యానికి సరిసమానమైనది. పరాయి విషమని భయపడవలసిన పని లేదు.

అయోడిన్ సంగతి వేరు. మా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు మూలమైన కూనూరు పరిశోధనశాలను 1918లో ఆరంభించిన మెక్‌కారిసన్, అంతకు పూర్వం గిల్గిట్ కొండలలో గలగండాన్నే పరిశోధించినవాడు. ఆ కూనూరు ప్రయోగశాలలోనే పనిచేసిన మన శ్రీకాకుళం బిడ్డ డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు 1956లో కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు ప్రయోగాన్ని ప్రారంభించి, ఉప్పుతోనే గలగండాన్ని తగ్గించవచ్చునని నిరూపించినారు. అందుచేత ఇంట్లో అయోడిన్ ఉప్పు వాడవలెను. సైంధవ లవణాన్నే నిత్యం వాడుతూ దానిని మానుట మంచిది కాదు. అయితే అయోడిన్ లోపం వేరు, గ్రంథి నశించుట వేరు. రెండవదానికి అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు గుళికలు అధికంగా వాడితే హాని కలుగవచ్చును. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకొని మితంగా తింటే భయం లేదు. దానిని గురించి అనవసరంగా గొడవ చేస్తున్నారు.

అన్నిటికన్నా మోసకరమైన విషయమొకటి కలదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గుటకు దాదాపు ఏడు రోజులు పడుతుంది. కనుక మాత్ర మాని కషాయం మొదలుపెట్టినవారికి మొదటి వారం, పది రోజులు ఏ తేడా తెలియదు. "మూలిక పనిచేసినది" అని సంతోషిస్తారు, ఇరుగుపొరుగుకు కూడా చెబుతారు. తరువాత మలబద్ధం, చలి, మతిమరుపు మెల్లగా వస్తాయి. వాటిని వయస్సు మీద నెడతారు. నెలల తరబడి మానినవారు జ్వరమో న్యుమోనియాయో సోకినప్పుడు స్పృహ తప్పి ప్రాణాపాయ స్థితికి చేరగలరు. నా వద్దకు వచ్చే ఏ రోగి చేతనూ నేను ఈ మాత్రను మానిపించను. మానిపిస్తామనే ప్రకటనలను నమ్మవద్దు.

అదే కారణం చేత ఒక రోజు మరచినా కంగారు పడనక్కరలేదు. తిరుమల ప్రయాణంలో డబ్బా ఇంట్లో మరచి వచ్చినామని బెంబేలెత్తేవారిని చూచినాను. అదే రోజు గుర్తు వచ్చినచో కడుపు ఖాళీగా ఉన్న వేళ వేసుకొనవచ్చును. మరునాడు డాక్టరును అడుగకుండా రెండు మాత్రలు వేసుకొనరాదు.

పరగడుపున మంచినీటితో మాత్ర మ్రింగి, అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, పాలు, ఫలహారం ముట్టరాదు. ఉదయం నాలుగింటికే కాఫీ డికాక్షన్ దిగే ఇళ్ళలో ఇది కష్టమే. అట్టివారు డాక్టరు అనుమతితో, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకొనవచ్చును. ఏ వేళ ఎంచుకొన్నా నిత్యం అదే వేళ ఉండవలెను. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర మానరాదు. కంపెనీ మారినప్పుడు డాక్టరుకు చెప్పవలెను. డబ్బాను పొయ్యి గట్టు మీద, స్నానాల గదిలో ఉంచరాదు; వేడి, తేమ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. సన్నబడుటకు ఈ మాత్రను వాడుట ప్రమాదకరం.

అశ్వగంధ విషయంలో ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. అది కొందరిలో థైరాయిడ్ హార్మోనును పెంచుతుంది. మాత్రతో కలిస్తే గుండెదడ రావచ్చును. కాంచనార గుగ్గులు వాడేవారు కూడా తమ డాక్టరుకు తెలిపి, పరీక్షలు చేయించుకొంటూ వాడవలెను. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వాడేవారు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు మానవలెను; లేనిచో రక్తంలో మార్పు లేకున్నా కాగితం మీద లెక్క తప్పుతుంది.

గర్భం నిలిచినదని తెలిసిన నాడే డాక్టరును కలియవలెను. తొలి నెలలలో శిశువు మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడుతుంది. తల్లికి మోతాదు సాధారణంగా నాలుగవ వంతు, అంతకన్నా కొంచెం ఎక్కువ పెరుగుతుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలను మధ్యాహ్నం, రాత్రి వేళలకు మార్చుకొనవలెను.

ఇక వైద్యసోదరులకు ఒక మనవి. లోహం, ప్రవాళం వ్రాసే ముందు రోగి చేతిసంచిలోని మందులన్నీ బల్ల మీద పెట్టించి చూడండి. నేను మాఘమాసం నుండి ఆ పని చేస్తున్నాను.