స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరుగా మొదటి ఉద్యోగం: చేరబోయేవారికి కొన్ని మాటలు

ప్లస్ టూ అనండి, పి.యు.సి. అనండి, ఇంటర్ అనండి, పన్నెండో తరగతి దాటిన మన పిల్లలకు టీచరు ఉద్యోగం అనగానే డి.ఇడి., బి.ఇడి. మాత్రమే గుర్తొస్తాయి. అదే చదువులో స్పెషల్ ఎడ్యుకేషన్ అనే శాఖ ఒకటి ఉందనీ, అది చదివినవారి కోసం బడులు వెదుకుతున్నాయనీ చాలా ఇళ్లలో తెలియదు. మాది హోసూరు. నేను సికింద్రాబాదులో డిప్లొమా చేసి, 2011లో బెంగళూరులోని ఒక ప్రత్యేక పాఠశాలలో నెలకు 6,000 రూపాయల జీతంతో చేరాను. తర్వాత ఉద్యోగం చేస్తూనే పై చదువు చదివాను. కొన్నేళ్లుగా కొత్తవారిని ఇంటర్వ్యూ చేసే పని కూడా నా మీద పడుతోంది. బల్లకు రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి, చేరబోయే పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ పనికివచ్చే సంగతులు కొన్ని చెప్పగలను.

రిజిస్ట్రేషన్ లేనిదే ఉద్యోగం లేదు

భారత పునరావాస మండలిని అందరూ ఆర్.సి.ఐ. అంటారు. ఇది 1992 నాటి చట్టం ప్రకారం పని చేసే సంస్థ. ఈ మండలి గుర్తించిన కళాశాలలో, గుర్తించిన కోర్సు చదివితేనే మీ పేరు కేంద్ర పునరావాస రిజిస్టరులోకి ఎక్కుతుంది. అప్పుడు వచ్చేదే సి.ఆర్.ఆర్. నంబరు. అది లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయులుగా పని చేయడం చట్టంలోని 13వ సెక్షను ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. "ఆరు నెలల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ కండి" అని బోర్డు కట్టే కేంద్రాలు ఈ సంగతి చెప్పవు. ఫీజు కట్టక ముందే ఆర్.సి.ఐ. వెబ్‌సైటు తెరిచి కళాశాల పేరు, కోర్సు పేరు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందా లేదా అన్నది చూసుకోండి. కోర్సుల వ్యవధి, ప్రవేశ నిబంధనలు ఈ మధ్య తరచు మారుతున్నాయి. మా పిన్ని కూతురు చదివినప్పుడు ఇలా ఉండేది అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

కోర్సులో చేరేటప్పుడే ఒక విభాగం ఎంచుకోవాలి: బుద్ధి వికాస లోపం, వినికిడి లోపం, దృష్టి లోపం, ఆటిజం వంటివి. తర్వాత ఉద్యోగ ప్రకటనలు ఆ విభాగం పేరుతోనే వస్తాయి. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 1984లో మొదలైనది, బుద్ధి వికాస లోపానికి పేరు పొందినది. బహుళ వైకల్యాలకు చెన్నై దగ్గరి ముట్టుకాడులో, వినికిడి లోపానికి మైసూరులో, ముంబయిలో జాతీయ స్థాయి సంస్థలు ఉన్నాయి. షోలాపురం, భివండి, బరంపురం పిల్లలు ఎంతో కొంత దూరం వెళ్లక తప్పదు. హాస్టలు ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

మార్కుల కన్నా ముందు ఫైలు

ఇంటర్వ్యూకు వచ్చే పిల్లలు ప్లాస్టిక్ కవర్లలో మార్కుల జాబితాలు అందంగా పెట్టుకొస్తారు. నేను చూసేది వాటి వెనుక ఏముందని. శిక్షణ కాలంలో ప్రతి విద్యార్థీ ఒకరిద్దరు పిల్లలకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి అమలు చేయాలి. చాలామంది దాన్ని రికార్డు కోసం, గడువుకు ముందు రాత్రి, పక్కవారిది చూసి రాసేస్తారు. రెండు ప్రశ్నలు వేస్తే అది తెలిసిపోతుంది. నిజంగా రాసినదైతే మీకు దాన్ని మించిన సిఫారసు లేదు. పిల్లవాడు మొదటి వారం ఏం చేయగలిగాడు, మీరు ఏ లక్ష్యం పెట్టుకున్నారు, ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు వచ్చింది, రానప్పుడు మీరు ఏం మార్చారు, ఇవన్నీ తేదీలతో ఉండాలి. పిల్లవాడి పేరు, ఫోటో, ఊరు తీసేయండి. ఆ వివరాలు బయట చూపించే హక్కు మనకు లేదు. వాటిని తీసేసి తెచ్చిన అభ్యర్థి మీద నాకు అప్పుడే సగం నమ్మకం కుదురుతుంది.

ఇంటర్వ్యూ తర్వాత చాలా బడులలో ఒక పిల్లవాడిని అప్పగించి ఇరవై నిమిషాలు పాఠం చెప్పమంటారు. అక్కడ రంగురంగుల ఫ్లాష్ కార్డులు పరిచేస్తే గెలిచినట్టు కాదు. పిల్లవాడి ఎత్తుకు మీరు వంగి కూర్చున్నారా, వాడికి ఇష్టమైనది ఏమిటని ఆయమ్మను ముందుగా అడిగారా, ఒక మాట చెప్పి జవాబు కోసం కొన్ని క్షణాలు ఆగారా, మేము చూసేది ఇదీ. మనకు ఆగడమే కష్టం. పిల్లవాడు ఆలోచిస్తుండగానే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేసేస్తాం.

ఒకసారి ఒక అమ్మాయి కార్డులేవీ తేలేదు. అప్పగించిన పిల్లవాడు బనియను మీద ఉన్నాడు, చొక్కా కుర్చీ మీద ఉంది. ఆమె చొక్కా తొడిగి, బొత్తాలన్నీ తానే పెట్టి, చివరి బొత్తాన్ని మాత్రం కాజాలో సగం దూర్చి ఆపింది. మిగతా సగం వాడు లాగాడు. అంతే, వాడి ముఖం చూడాలి! పని వెనుక నుంచి మొదలుపెట్టి నేర్పడం అంటే ఇదే. చివరి మెట్టు పిల్లవాడిది కాబట్టి పని పూర్తి చేసిన తృప్తి ప్రతిసారీ వాడికే దక్కుతుంది. అది వచ్చాక చివరి బొత్తం మొత్తం, ఆ తర్వాత చివరి రెండు బొత్తాలు, అలా వెనక్కి వెళ్లాలి. ఆ అమ్మాయిని మధ్యాహ్నం భోజనం లోపలే ఖాయం చేశాం.

ఇంటి తెలుగు విలువ

బయటి రాష్ట్రాలలో ఉన్న మన పిల్లలు తెలుగు తమకు అడ్డమనుకుంటారు. దరఖాస్తులో తెలిసిన భాషల గడిలో ఇంగ్లీషు, కన్నడం, తమిళం రాసి, తెలుగును చివర రాస్తారు, కొందరు అసలు రాయరు. ఈ వృత్తిలో అది తలకిందుల లెక్క.

బెంగళూరులో నేను చేరిన రెండో ఏడు కదిరి వైపు నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక కుటుంబం ఎనిమిదేళ్ల అబ్బాయిని తీసుకొచ్చింది. అంతకు ముందు వాడిని చూసినచోట ఇచ్చిన కాగితంలో "వస్తువులు గుర్తించడు, చెప్పిన పని చేయడు" అని ఉంది. ఆ పరీక్ష కన్నడంలో, కొంత ఇంగ్లీషులో జరిగింది. తినే వస్తువుల బొమ్మలలో బ్రెడ్డు, నూడుల్సు, కేకు ఉన్నాయి. వాళ్లింట్లో రెండు పూటలా రాగి సంగటి. వాళ్లమ్మ ఒక్కటే మాట అంది: "వానికి తెలుసు మేడమ్. అడిగేవాళ్ల మాటే తెలీదు."

అవే అంశాలను తెలుగులో, చెంబు, చెప్పులు, దువ్వెన, సంగటి గిన్నె ముందు పెట్టి అడిగాను. పన్నెండింటిలో తొమ్మిది సరిగా చూపించాడు. లోపం లేదని కాదు, వాడికి నేర్పవలసింది చాలా ఉంది. కాని గుర్తుపట్టడం నుంచి మొదలుపెట్టవలసిన పని లేదు, అడిగి తీసుకోవడం నుంచి మొదలుపెట్టవచ్చు. ఆ ఒక్క తేడాతో వాడికి ఏడాది కాలం మిగిలింది. తప్పు మెట్టు నుంచి మొదలైతే పిల్లవాడికి తెలిసినదే మళ్లీ మళ్లీ నేర్పుతాం, వాడు విసుగెత్తి కార్డులు విసిరేస్తాడు, అప్పుడు ప్రవర్తన సమస్య అని ఇంకొక కాగితం రాస్తాం.

బెంగళూరు, చెన్నై, ముంబయి, పుణే వంటి నగరాలకు ఇలాంటి కుటుంబాలు ఎన్నో వస్తుంటాయి. బళ్లారి, హోసూరు, షోలాపురం, బరంపురంలో తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్న పిల్లవాడిని రెండింటిలోనూ చూడగలిగిన టీచరు ఆ బడికి చాలా అవసరం. ఇంటర్వ్యూలో ఈ మాట సిగ్గుపడకుండా చెప్పండి. ఇంకొక సంగతి: మాటలు ఆలస్యమైన పిల్లల ఇళ్లలో "తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం గాని, బుద్ధి వికాస లోపం గాని ఉన్న పిల్లల మాట చెడదని పరిశోధనలు చెబుతున్నాయి. అమ్మమ్మ, నాయనమ్మలతో మాట్లాడే భాష పోతే ఆ పిల్లవాడికి మాట్లాడే మనుషులే తగ్గిపోతారు.

ప్రభుత్వ పోస్టుల సంగతి

ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకంపై సుప్రీం కోర్టు 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. 2022లో కేంద్రం ప్రాథమిక తరగతులలో ప్రత్యేక అవసరాలు గల 10 మంది పిల్లలకు ఒక టీచరు, పై తరగతులలో 15 మందికి ఒకరు అని నిబంధన తెచ్చింది. 2025 మార్చిలో కోర్టు మళ్లీ రాష్ట్రాలను పోస్టులు ప్రకటించమని ఆదేశించింది. తెలంగాణ 2024 డి.ఎస్.సి.లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్.జి.టి. స్పెషల్ పోస్టులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ భాగం, తెలంగాణలో 95 శాతం స్థానికులకే కేటాయిస్తారు. కాబట్టి బయట పుట్టి బయట చదివిన మన పిల్లలు సొంత రాష్ట్రంలో కూడా గట్టిగా ప్రయత్నించాలి. దానికి ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం రావాలి. తమిళనాడులో ప్రభుత్వ నియామకాలకు తమిళ అర్హత పరీక్షను 2021 చివరి నుంచి తప్పనిసరి చేశారు. సమగ్ర శిక్ష కింద మండల, బ్లాకు కేంద్రాలలో కాంట్రాక్టు పోస్టులు కూడా ఉంటాయి. మంచాన ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పడం వీటిలో భాగం. జీతం తక్కువే, కాని అక్కడ నేర్చుకున్నది ఎక్కడా దొరకదు. సి.బి.ఎస్.ఇ. బడులు కూడా స్పెషల్ ఎడ్యుకేటరును నియమించుకోవాలి.

తల్లిదండ్రులకు

నేను చేరినప్పుడు మా మేనత్త, "ఆ పిల్లల మధ్య ఉంటే సంబంధాలు ఎవరు తెస్తారే" అంది. ఈ మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. వినిపించినప్పుడు పిల్లల పక్కన నిలబడండి చాలు.

మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. నియామక పత్రం ఇస్తారా, జీతం బ్యాంకులో వేస్తారా, 20 మంది గాని అంతకు మించి గాని సిబ్బంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్ కడతారా అని అడిగించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. నన్నూ ఒకచోట అడిగారు, నకళ్లు ఇచ్చి వచ్చేశాను. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ అనుభవం గల సీనియర్ టీచరు ఉన్నారా, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు అన్నది. పెద్ద భవనం, రెండు వేలు ఎక్కువ జీతం, అడగడానికి ఎవరూ లేని బడి ఒకవైపు ఉండి, చిన్న షెడ్డులో పదిహేనేళ్లుగా పని చేస్తున్న ఒక టీచరమ్మ ఇంకొకవైపు ఉంటే, మొదటి రెండేళ్లకు నేను రెండోదే చెబుతాను.

తమిళనాడు, కర్ణాటకలలో బడులు ఎక్కువగా మే చివర, జూన్‌లో తెరుస్తారు. పత్రికా ప్రకటన కోసం కాచుకోకుండా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే నేరుగా వెళ్లి కలవండి. సి.ఆర్.ఆర్. నంబరు ఇంకా రాకపోతే దరఖాస్తు చేసిన రసీదు నకలు జతచేయండి. భాషల గడిలో తెలుగు ఎదురుగా చదవడం, రాయడం, మాట్లాడడం అని వేర్వేరుగా రాయండి. బడి తెలుగు రాకపోయినా ఇంటి తెలుగు వస్తే, మాట్లాడడం అన్నచోట ధైర్యంగా టిక్కు పెట్టండి.