పిలుపు రాకముందే సిద్ధపడిన నర్సు: మేరీ సీకోల్

మేరీ సీకోల్ 1805లో జమైకా దీవిలోని కింగ్‌స్టన్ పట్నంలో పుట్టారు. ఆ దీవి అప్పుడు బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉంది. చెరకు తోటల్లో బానిసలే పనిచేసేవారు. మేరీ తండ్రి స్కాట్లాండ్ నుంచి వచ్చిన సైనికుడు. తల్లి నల్లజాతి మూలాలున్న స్త్రీ, అయినా బానిస కాదు. బ్లండెల్ హాల్ అనే పూటకూళ్ల ఇంటిని సొంతంగా నడిపేది. జబ్బుపడిన సైనికాధికారులు అక్కడే దిగేవారు. ఆకులు, వేర్లు, కషాయాలతో చేసే వైద్యంలో ఆ తల్లిది పేరున్న చెయ్యి. వైద్య కళాశాలలు ఆడవాళ్లను గుమ్మం తొక్కనివ్వని ఆ కాలంలో మేరీకి ఆ ఇల్లే బడి.

వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోవాలనుకునేవారు ఆమె జీవితం మొత్తంలో ముందుగా పట్టుకోవలసింది, చిన్ననాటి ఒక అలవాటును. తల్లి దగ్గరికి ఏ రోగంతో ఎవరు వచ్చినా మేరీ ఆ రోగాన్ని తన బొమ్మకు తెచ్చిపెట్టి, చూసిన వైద్యమే దానికి చేసేవారు. తర్వాత ఇంట్లోని కుక్కలూ పిల్లులూ రోగులయ్యాయి. అవి చేతికి చిక్కనప్పుడు తన మీదే మందు ప్రయోగించుకునేవారు. పన్నెండేళ్లు వచ్చేసరికి తల్లి పక్కన నిలబడి నిజమైన రోగులకు సేవ చేస్తున్నారు. నేర్పమని ఎవరినీ బతిమాలలేదు, మంచిరోజు కోసం ఆగలేదు. చేతికి అందినదాని మీద సాధన చేశారు.

ఈ అలవాటు చూడటానికి తేలిక. ఎంతోమంది తప్పించుకు తిరిగేది కూడా దీన్నే. కోర్సులో సీటు వచ్చాక మొదలుపెడదాం, సర్టిఫికెట్ చేతికొచ్చాక చేద్దాం, మంచి గురువు దొరకనీ అంటూ ఏళ్లు గడిపేసేవారు తమకు అవకాశం రాలేదని చెప్పుకుంటారు. చాలాసార్లు అది ఒట్టి సోమరితనం. సీటు వచ్చేదాకా కట్టు కట్టడం నేర్చుకోకూడదని నర్సింగ్ చదవాలనుకునే అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తమ్ముడి చేతికి గుడ్డ చుట్టి, బిగువు సరిపోయిందో లేదో వాడినే అడగవచ్చు. ముసలి నాయనమ్మను పక్క మీద నొప్పి తెలియకుండా ఎలా తిప్పాలో ఇంట్లోనే సాధన చేయవచ్చు. నలుగురిలో మాట్లాడటానికి బెదిరేవారు ముందు ఖాళీ గదిలో, ఆపైన ఒక్క స్నేహితుడి ముందు మాట్లాడి చూడాలి. పదిమంది ముందుకు వెళ్లడం ఆ తర్వాతి సంగతి. చూసినదాన్ని ఆ రోజే చేసి చూడటం, ఫలితాన్ని కళ్లారా గమనించడం, అది కుదిరాకే పై మెట్టు ఎక్కడం: సాధన క్రమం ఇదే. మెట్లు దాటేయకూడదు. మేరీ బొమ్మతో మొదలుపెట్టారు కాబట్టే మనుషుల దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి వణకలేదు. ఆత్మవిశ్వాసం ఇతరుల పొగడ్త కంటే స్వయంగా చేసి నెగ్గిన అనుభవం నుంచే ఎక్కువగా పుడుతుందని మనోవిజ్ఞాని ఆల్బర్ట్ బందూరా 1970లలో సిద్ధాంతీకరించారు. ఈ సాధన ఏ వయసులో మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

1836లో మేరీకి పెళ్లయింది. 1844లో భర్త, ఆ వెంటనే తల్లి పోయారు. అంతకు ముందే 1843 అగ్నిప్రమాదంలో బ్లండెల్ హాల్ కాలిపోతే దాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. తిరిగి పెళ్లి చేసుకోక, తన సంపాదన మీదే బతికారు.

1851లో పనామాలోని క్రూసెస్ ఊరికి, సోదరుడి దగ్గరికి వెళ్లిన కొద్దికాలానికే అక్కడ కలరా చెలరేగింది. ఊళ్లో సరైన వైద్యుడు లేడు. ఆవపిండి పట్లు వేస్తూ, దాల్చినచెక్క వేసి కాచిన నీళ్లు తాగిస్తూ మేరీ ఇంటింటికీ తిరిగారు. ఉన్నవారి దగ్గర డబ్బు తీసుకుని, లేనివారికి ఊరికే వైద్యం చేశారు. తన చేతుల్లోనే ఒక పసిబిడ్డ చనిపోయినప్పుడు, రోగం లోపల ఏం చేస్తోందో తెలుసుకోవాలని రహస్యంగా శవపరీక్ష కూడా చేశారు. జీవితంలో చేసింది అదొక్కటే. ఆమె వాడిన మందుల్లో పాదరసం, సీసం కలిసినవీ ఉండేవి. అవి మేలు కంటే కీడే చేస్తాయని నేటి వైద్యం చెబుతుంది. తొలినాళ్ల చికిత్సల్లో పొరపాట్లు జరిగాయని ఆమే తన ఆత్మకథలో రాసుకున్నారు. దయ ఉంటే చాలు, తెలుసుకోవలసిన పని లేదనుకునేవారికి ఆ నిజాయితీ గట్టి చురక. చివరికి ఆమెకూ కలరా సోకింది, కోలుకున్నారు. అక్కడే ఒక విందులో ఒక అమెరికన్ ఆమెను మెచ్చుకుంటూ, ఒంటి రంగు తెల్లగా మార్చగలిగితే ఎంత బాగుండేదో అన్నాడు. తెల్లరంగు తనకు అక్కర్లేదని ఆమె అందరి ముందే జవాబిచ్చారు.

1854లో, రష్యాతో జరుగుతున్న క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు రోగాలతో రాలిపోతున్నారని విని మేరీ లండన్‌లో యుద్ధ శాఖ కార్యాలయానికి వెళ్లారు. ఆ సైనికుల సేవకు బయలుదేరిన ఫ్లోరెన్స్ నైటింగేల్ బృందానికి నర్సులను ఎంపిక చేస్తున్నవారినీ కలిశారు. అన్నిచోట్లా కాదన్నారు. తన రంగే కారణమా అన్న అనుమానంతో సాయంత్రం వేళ వీధిలో నిలబడి ఏడ్చారు. అయితే ప్రయాణం మానుకోలేదు. భర్త వైపు బంధువు థామస్ డేతో భాగస్వామ్యం కుదుర్చుకుని, పెట్టబోయే హోటల్ పేరు కార్డుల మీద అచ్చు వేయించి ముందుగా పంపి, సొంత ఖర్చుతో ఓడెక్కారు.

క్రిమియాలోని బాలక్లావా దగ్గర 1855లో ఆమె నిలబెట్టిన బ్రిటిష్ హోటల్ కొట్టుకొచ్చిన కలప, పాత పెట్టెల చెక్కలు, ఇనుప రేకులతో లేచింది. అధికారులకు భోజనం అమ్మేవారు. గాయపడ్డ సైనికులకు ఓడరేవులో టీ తాగించేవారు. మందులు, కట్టుగుడ్డలు తీసుకుని యుద్ధభూమికే వెళ్లేవారు. సైనికులకు ఆమె మదర్ సీకోల్. లండన్ పత్రిక టైమ్స్ విలేకరి విలియం హోవార్డ్ రసెల్ ఆమె సేవను లోకానికి తెలిపాడు. వ్యాపారం చేసింది కాబట్టి నర్సు కాదనేవారు నేటికీ ఉన్నారు. జీతమిచ్చే ప్రభుత్వమే వద్దన్నప్పుడు, సేవకు కావలసిన డబ్బు ఎక్కడి నుంచి రావాలో వారు చెప్పరు. తన కూడు తాను సంపాదించుకుంటూనే ఇతరులను ఆదుకోవడం ఆమె చూపిన స్వాతంత్ర్యం.

ఆమె జీవితంలో నేర్చుకోదగినవి ఇంకా ఉన్నాయి. నవ్వుతూ మాట్లాడటం, కొత్త ఊళ్లకు జంకకపోవడం, అవమానం జరిగిన మర్నాడే పనిలో పడటం, శుభ్రత. లెక్కల్లో మాత్రం ఆమె నుంచి హెచ్చరికే తీసుకోవాలి. 1856లో యుద్ధం ముగిసేసరికి కొన్న సరుకు అమ్ముడుపోక ఆమె దివాలా తీశారు. సైనికులు, అభిమానులు 1857 జూలైలో లండన్‌లో నాలుగు రోజుల ఉత్సవం జరిపినా చేతికి అందింది కొద్దిపాటి సొమ్మే. అదే ఏడాది రసెల్ ముందుమాటతో ఆత్మకథ వెలువడింది. 1857 తిరుగుబాటు వార్త విని భారతదేశానికీ వచ్చి గాయపడినవారికి సేవ చేయాలనుకున్నారు, కానీ ఆ ప్రయాణం సాగలేదు.

1881 మే 14న మేరీ సీకోల్ లండన్‌లో మరణించారు. తర్వాత దాదాపు వందేళ్లు ఆమెను జనం మరిచిపోయారు. 1973లో ఆమె సమాధిని బాగుచేయించారు. 1990ల తొలినాళ్లలో జమైకా తన ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారాన్ని ఆమెకు ప్రకటించింది. 2016లో లండన్‌లో, బ్రిటిష్ పార్లమెంటుకు ఎదురుగా థేమ్స్ నది అవతలి ఒడ్డున, సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో ఆమె విగ్రహం నిలిచింది. నైటింగేల్ తన నర్సింగ్ పాఠశాల పెట్టిన ఆసుపత్రి అది. అందుకే అక్కడ సీకోల్ విగ్రహమేమిటని కొందరు నైటింగేల్ అభిమానులు అభ్యంతరపెట్టారు. నైటింగేల్ ఆసుపత్రుల తీరునూ నర్సుల శిక్షణనూ మార్చారు, సీకోల్ శిక్షణ పట్టా లేకుండానే రోగి పక్కన నిలిచారు. ఇద్దరూ గౌరవానికి తగినవారే. ఒకరిని పెంచడానికి మరొకరిని తగ్గించనక్కర్లేదు.