విద్యార్థి నాయకత్వమునకు వెల కట్టకుడు

ఇంజనీరింగు మొదటి సంవత్సరమున చేరిన కుమారుని వెంటబెట్టుకొని వచ్చు తలిదండ్రులలో పలువురు ఈ నడుమ నన్నడుగుచున్న ప్రశ్న ఒక్కటే: "మా అబ్బాయికి లీడర్‌షిప్ స్కిల్స్ రావాలంటే ఏ కోర్సులో చేర్పించాలండీ?" క్యాంపస్ సెలక్షన్లకు మార్కులు మాత్రమే చాలవని ఎవరో చెప్పగా విని, ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు కోచింగు వెదకినట్లే నాయకత్వమునకును కోచింగు వెదకుచున్నారు.

వారి వాత్సల్యమును నేను శంకింపను. కాని, ఇంటర్మీడియెట్టు రెండేండ్లును వేకువజామున స్టడీ అవరు గంటకు లేచి, రాత్రి గంట మ్రోగిన పిదప పరుండి, ఏ పుస్తకము ముందు చదువవలెనో కూడ తాను నిర్ణయించుకొను అవకాశము లేక పెరిగిన బాలుడు, కళాశాల గుమ్మము దాటినంతనే పదిమందిని నడపువాడు కావలెననుట న్యాయమా? లోపము వానిది కాదు. పొరపాటు చేయుటకును, దానిని దిద్దుకొనుటకును వానికి తీరిక నీయని పెద్దలది.

ఈ ఆతురత కనిపెట్టి వ్యాపారము సాగించువారు బయలుదేరిరి. రెండు దినముల శిక్షణకు వేలకొలది రుసుము గైకొని, వచ్చినవారికందరికిని ఒకే వాక్యము అచ్చువేసిన సర్టిఫికెట్టు చేతబెట్టి పంపుదురు. మరికొందరు విద్యార్థిని క్యాంపస్ అంబాసిడరను బిరుదుతో సత్కరించి, తమ కోర్సులను తోటి విద్యార్థులకు అమ్మిపెట్టు పనికి వినియోగింతురు. అన్నింటికంటె నన్ను కలతపెట్టునది వేరొకటి కలదు: తన వస్తువును కొనువాడొక్కడైనను దొరకకమునుపే కంపెనీ రిజిస్ట్రేషనుకు ఇంటినుండి అప్పు తెప్పించుకొని, బ్యాక్‌లాగులు పేరుకొనగా, అటు వ్యాపారమును ఇటు చదువును చెడగొట్టుకొని క్రుంగిపోవు పిల్లలను చూచుచున్నాను. స్టార్టప్ పెట్టలేదని పిల్లవానిని నిందించు తండ్రి, తాను ఆ వయస్సున ఏమి చేయుచుండెనో ఒక్క పరి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.



నాయకత్వము నేర్వగోరువారికి నేను మొదట చూపు త్రోవ జాతీయ సేవా పథకము, మనవారి వాడుకలో ఎన్నెస్సెస్. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైన ఈ పథకమున, రెండేండ్లలో 240 గంటల సేవయు, దత్తత గ్రామమున ఏడు దినముల శిబిరమును కలవు. పెద్దల అండ లేని ఊరిలో ఒక పనికి పదిమందిని ఒప్పించుట ఎంత కష్టమో అచట తెలియును. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఆయనకు బాసటయై నిలిచినవారిలో విద్యార్థులుండిరి. వారికి ఏ శిక్షణాలయమును యోగ్యతాపత్రము నీయలేదు.

ఇంతకంటె చిన్న పని హాస్టలులోనే కలదు. మెస్సులో రాత్రి అన్నము వృథాయగుచున్నదని ఒక విద్యార్థినికి తోచినదనుకొందము. పోస్టరు అతికించి ఉపన్యసించుటకు మారుగా, ఆమె వారము దినములు కంచములు కడుగు చోట నిలిచి, పారవేసిన అన్నమును కాటాపై తూచి నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. వంటవారిని, వడ్డించువారిని అడుగవలెను. ఏ కూర వండిననాడు కంచములు నిండుగా తిరిగివచ్చునో వారికే ముందు తెలియును. పిదప వార్డెనుగారికి ఒక్క పుట ఉత్తరము: ఒక్క బ్లాకులో, ఒక్క వారము, మొదట చిన్న గరిటెతో వడ్డించి, మారు అడిగినవారికి లేదనక పెట్టుదము; నిలుచువారి పేర్లివి; ఖర్చు లేదు. మెస్సు పద్ధతినంతయు మార్చుడనిన నిరాకరించు అధికారి, ఒక్క వారమునకు సాధారణముగ అడ్డుచెప్పడు. వారము గడచిన పిమ్మట మరల తూచి, తగ్గినయెడల తగ్గినదనియు, తగ్గనియెడల తగ్గలేదనియు ఉన్నదున్నట్లు వ్రాయవలెను.

తగ్గలేదని వ్రాసిన పుటకు నేనెక్కువ విలువ నిత్తును. ఇంటర్వ్యూలో ఎదుటివారు గుచ్చిగుచ్చి అడుగునప్పుడు, ఎవరు కాదనిరి, ఎందుకు కాదనిరి, తరువాత తానేమి మార్చెను అని తడుముకొనక చెప్పగలుగునది ఆ పుట వ్రాసిన విద్యార్థినియే.

రెండవ సంవత్సరమున ఇట్టి పని ఒక్కటి చేపట్టుడు. మూడవ సంవత్సరాంతమున నోటుపుస్తకమును, రశీదులున్నచో వానిని, జూనియర్లకు అప్పగింపుడు. నాలుగవ యేట ప్రాజెక్టును ఇంటర్వ్యూలును మీ కాలమునంతయు కోరును.