పన్ను నొప్పికి సెలవు ఎప్పుడు పెట్టాలి?

పన్ను నొప్పి అని చెప్పి సెలవు అడగాలంటే మనకు మొహమాటం. జ్వరమంటే సూపర్‌వైజర్ ఇంటికి పొమ్మంటాడు. నడుం పట్టేసిందంటే పక్కవాళ్లు చేయి వేస్తారు. పన్ను అనగానే మాత్రం "ఒక గోలీ వేసుకో, సర్దుకుంటుంది" అంటారు. నొప్పి పడేవాళ్లూ అదే నమ్ముతారు. రోజుకూలీకి పూట పోతే ఆ పూట డబ్బు పోయినట్టే. అందుకే లవంగం నొక్కిపెట్టుకుని, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో వారాలు నెట్టేస్తారు.

నిజానికి చాలా పన్ను నొప్పులు ఒకటి రెండు రోజులు ఆగుతాయి. కొన్ని గంట కూడా ఆగవు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో నొప్పి తీవ్రతను బట్టి తెలియదు. ప్రాణం తోడేసే నొప్పి రేపటిదాకా ఆగవచ్చు. పెద్దగా నొప్పి లేని వాపు ఈ రాత్రే ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి నొప్పిని కాదు, వాపును చూడండి. దెబ్బ తగిలినప్పుడు గడియారం చూడండి.

నొప్పి ఆగితే జబ్బు పోయినట్టు కాదు

పంటి లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది. నరమూ రక్తనాళాలూ అందులోనే ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా చేరితే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి పన్ను ఉంది కాబట్టి ఆ వాపుకు చోటుండదు. అందుకే అంత పోటు. పడుకుంటే తలవైపు రక్తం పెరిగి పోటు ఇంకా ఎక్కువవుతుంది. రాత్రిళ్లు పన్ను నిద్రపోనివ్వకపోవడానికి కారణం ఇదే.

కొన్నాళ్లకు నరం చచ్చిపోతుంది. నొప్పి ఒక్కసారిగా ఆగుతుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుని డాక్టర్ మాట మరిచిపోతాం. లోపలి క్రిములు మాత్రం వేరు చివర నుంచి ఎముకలోకి, అక్కడినుంచి చెంపలోకి, మెడలోకి దారి చేసుకుంటాయి.

నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాల్సినవి

కింది దవడ చివరి పళ్ల వేళ్లు లోతుగా దిగి ఉంటాయి. అక్కడ చీము పడితే నాలుక కిందికీ గొంతువైపుకీ పాకుతుంది. దీన్ని లడ్విగ్స్ యాంజైనా అంటారు. జర్మన్ వైద్యుడు లడ్విగ్ 1836లో దీన్ని వివరించాడు. నాలుక పైకి లేచి ఊపిరి దారి మూసుకుపోవడం దీనిలోని ప్రమాదం. మొదట్లో నొప్పి మామూలుగానే ఉండవచ్చు.

అద్దం ముందు నిలబడి నిమిషంలో పరీక్ష చేసుకోవచ్చు. మీ మూడు వేళ్లు నిలువుగా పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టండి. మామూలుగా మూడూ పడతాయి. రెండు కూడా పట్టకపోతే దవడ కండరాల్లోకి వాపు చేరి ఉండవచ్చు. తర్వాత గడ్డం కింద, దవడ అంచు లోపలివైపు నొక్కి చూడండి. మెత్తగా ఉండాల్సిన చోట చెక్కలా బిగిసి ఉందా? నాలుక ఎత్తితే కింది భాగం ఉబ్బి ఉందా? గుటక వేయలేక లాలాజలం కారుతోందా? గొంతు మారి, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా పళ్ల క్లినిక్ తెరిచేదాకా ఆగకండి. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఊపిరి బరువెక్కితే 108కి ఫోన్ చేయండి. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

పై పంటి వాపు కంటిదాకా పాకి రెప్ప మూసుకుపోతున్నా ఇదే దారి. వాపుతో పాటు చలిజ్వరం, నీరసం ఉన్నా అంతే. షుగర్ ఉన్నవాళ్లు మరింత తొందరపడాలి. వాళ్లలో ఇన్‌ఫెక్షన్ వేగంగా పాకుతుంది.

ఇంకొక నొప్పి పన్ను నొప్పిలా నటిస్తుంది. మెట్లెక్కినా, బరువు మోసినా కింది దవడ లాగేయడం, కూర్చుంటే తగ్గడం, చెమటలు పట్టడం, ఛాతీ బిగవడం, ఆయాసం రావడం గుండెపోటు గుర్తులు కావచ్చు. ఈ గుర్తులుండి, ఏ పన్ను అని వేలుపెట్టి చూపించలేకపోతే ముందు గుండెనే అనుమానించండి. 108ని పిలవండి.

బండి మీద నుంచి పడినప్పుడు స్పృహ తప్పినా, వాంతులైనా తలకు దెబ్బ తగిలిందేమో ముందు చూడాలి. పళ్ల సంగతి ఆ తర్వాత. పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే, కింది పెదవి మొద్దుబారితే దవడ ఎముక విరిగి ఉండవచ్చు. ఊడిన పన్ను ఎక్కడా కనబడక, రోగి దగ్గుతూ ఉంటే అది ఊపిరి గొట్టంలోకి పోయిందేమో ఎక్స్‌రే తీయించాలి.

ఊడిన పన్ను బతుకుతుంది, గంటలోపే అయితే

రాడ్డు తగిలి, నిచ్చెన జారి, బండి పడి ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చిందనుకోండి. దాన్ని మళ్లీ బతికించవచ్చు. వేరును అంటిపెట్టుకుని సన్నటి పొర ఉంటుంది. ఆ పొర ఆరిపోకుండా ఉండాలి. బయట పొడిగా గంట ఉంటే అందులోని కణాలు చచ్చిపోతాయి. మొదటి నిమిషాలే అసలు విలువైనవి.

పన్నును పైభాగం పట్టుకుని ఎత్తండి, వేరును ముట్టుకోకండి. మట్టి అంటితే పాలతోనో, సెలైన్‌తోనో మెల్లగా తడిపి పోగొట్టండి. గుడ్డతో తుడవకండి, బ్రష్‌తో గీకకండి, సబ్బు, డెట్టాల్ పెట్టకండి. పెద్దవాళ్లయి, స్పృహలో ఉంటే, పక్క పళ్లకు సరిపోయేలా తిప్పి ఆ సందులోనే మెల్లగా నెట్టి, శుభ్రమైన రుమాలు కొరికి పట్టుకోమనండి. నెట్టడానికి భయమేస్తే చల్లటి పాలల్లో వేయండి. సైటు దగ్గర టీ కొట్టు ఉంటుంది. ప్యాకెట్ పాలు అడగండి, మరిగే పాలు వద్దు. పాలు దొరక్కపోతే గ్లాసులో ఉమ్మి అందులో ఉంచండి. ఏదీ లేకపోతే నీళ్లలోనైనా వేయండి. నీళ్లు దానికి మంచివి కావు గానీ, జేబులో ఆరిపోనివ్వడం కంటే నయం.

వెంటనే పళ్ల డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. ఆయన పన్నును కూర్చోబెట్టి, పక్క పళ్లకు సన్నటి తీగతో సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతారు. తర్వాత చాలావరకు రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. మట్టిలో పడి ఉంటే టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. పిల్లల పాలపళ్లు ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. లోపల ఎదిగే అసలు పన్నుకు దెబ్బ తగులుతుంది.

రక్తం ఆగకపోతే

పన్ను పీకించుకున్నాక కాస్త రక్తం ఊరడం మామూలే. ఉమ్మితో కలిసి ఎక్కువగా కనిపిస్తుంది. శుభ్రమైన గుడ్డో, గాజుగుడ్డో మడిచి ఆ సందులో పెట్టి, అరగంట గట్టిగా కొరికి పట్టండి. మధ్యలో తీసి చూడకండి, పుక్కిలించకండి, ఉమ్మకండి. అరగంట తర్వాతా నోరు నిండుతుంటే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందును సొంతంగా ఆపకూడదు.

ఈ రోజే చూపించుకోవాల్సినవి, ఈ వారంలో చూపించుకోవాల్సినవి

రాత్రి నిద్ర పాడయ్యే నొప్పి, వేడికి మొదలై నిమిషాల తరబడి ఆగని నొప్పి, చిగురు మీద చీము బొబ్బ, దెబ్బకు కదులుతున్న పన్ను, విరిగి లోపల ఎర్రగా కనబడుతున్న పన్ను ఈ రోజు పని. విరిగిన ముక్క దొరికితే నీళ్లలో వేసి తీసుకెళ్లండి. అతికించే వీలుండవచ్చు. పన్ను పీకిన రెండు నుంచి నాలుగు రోజులకు చెవిలోకి లాగే కొత్త నొప్పి మొదలైతే, సందులో గడ్డకట్టిన రక్తం పోయి ఎముక బయటపడినట్టు. ప్రమాదమేమీ కాదు, కానీ డాక్టర్ మందు పెడితేనే ఉపశమనం.

క్యాప్ ఊడటం, సిమెంటు రాలడం, చల్లటి నీళ్లకు జివ్వుమనడం వారంలోపు చూపించుకుంటే చాలు. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, గుట్కా, పాన్ మసాలా అలవాటు ఉండి నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తే, నొప్పి లేకపోయినా చూపించుకోవాల్సిందే.

మాత్రల సంగతి

మాత్ర డాక్టర్ దాకా చేర్చడానికే, డాక్టర్‌కు బదులు కాదు. డోలో 650 వేసుకుంటే ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా వేసుకోండి. కాంబిఫ్లామ్‌లోనూ పారాసిటమాల్ ఉంది. రెండూ కలిపి మింగితే లెక్క పెరిగిపోతుంది. మద్యం తాగే అలవాటున్నవాళ్లకు కాలేయానికి అది మరీ చేటు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గర్భం, రక్తం పలచబడే మందులు, డెంగ్యూ అనుమానం ఉన్నవాళ్లు ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. ఆస్ప్రిన్ మాత్రను చిగురు మీద పెట్టుకోకండి, అక్కడ కాలిపోతుంది. లవంగం నూనె దూది మీద ఒక్క చుక్క చాలు. వాచిన చెంపకు కాపడం పెట్టకండి, బయటి నుంచి చల్లటి గుడ్డ పెట్టండి.

మెడికల్ షాపులో యాంటిబయాటిక్ అడిగి తెచ్చుకోవడం అన్నిటికంటే నష్టం. నరం చచ్చిన పంటిలోకి రక్తం వెళ్లదు. రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. చీమును బయటికి తీయాలి, లేదా రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. యాంటిబయాటిక్ కావాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం.

పనిచోట ఏం చెప్పాలి, ఎక్కడికి వెళ్లాలి

సెలవు అడిగేటప్పుడు "పన్ను నొప్పి సార్" అని ఊరుకోకండి. "దవడ వాచింది సార్, జ్వరం ఉంది, నోరు తెరుచుకోవడం లేదు, ఆసుపత్రికి వెళ్లాలి" అనండి. ఆసుపత్రి కౌంటర్‌లోనూ ఇవే మాటలు ముందు చెప్పండి. వినేవాళ్లకు ఎంత తొందరో అప్పుడే అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. పగలు అక్కడికి, అర్ధరాత్రి వాపు పెరిగితే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. నెల జీతం 21,000 రూపాయల దాకా ఉండి ఈఎస్‌ఐ కట్టేవాళ్లు తమ కార్డు, డిస్పెన్సరీ వివరాలు ఫోన్‌లో ఉంచుకోవాలి. పనిలో పళ్లకు దెబ్బ తగిలితే ఆ రోజే ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి. తర్వాత హక్కు అడగడానికి అదే ఆధారం.

పనిచోట ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. యజమానులు అందులో గాజుగుడ్డ, సెలైన్ సీసా, మూత ఉన్న చిన్న డబ్బా పెట్టించి, ఊడిన పన్ను గురించి నాలుగు మాటలు గోడ మీద అంటించాలి. పనివాళ్లు వైరు తొక్కు పళ్లతో తీయడం, సీసా మూత పళ్లతో విప్పడం మానాలి. బండి నడిపేవాళ్లు గడ్డం దాకా కప్పే హెల్మెట్ పెట్టుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు పిప్పిపళ్ల పని ఇక్కడే పూర్తి చేసుకుని విమానం ఎక్కడం మంచిది.

చిన్న పుచ్చు మొదట్లో ఒక్క పూట పని. వదిలేస్తే గోటితో పోయేదానికి గొడ్డలి అవసరమవుతుంది. మీకు పుచ్చు ఉందని తెలిసి ఉంటే నొప్పి వచ్చేదాకా ఎదురుచూడకండి. ఈ వారంలో ఒక పూట సెలవు అడగండి. మీ కింద పనిచేసేవాళ్లు అడిగితే, కాదనకుండా ఇవ్వండి.