డాక్ కొనే ముందు గది సంగతి చూడండి

ప్రశ్న: కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్నాం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గదిలో గోడకు ఆనించిన బల్ల మీద కంప్యూటరు, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఘంటసాల పాటలు, బాలమురళి కచేరీలు వింటాం. మృదంగం మోత గుబగుబలాడుతుంది, గొంతు స్పష్టంగా రాదు. ఇరవై వేలు పెట్టి డాక్ కొంటే బాగుపడుతుందా?
- ఒక పాఠకుడు, కద్మా, జంషెడ్‌పూర్

జవాబు: ఇప్పుడే కొనకండి. డాక్ అంటే కంప్యూటరులోని అంకెలను స్పీకరుకు అందే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం, అంతే. మీరు చెప్పిన లోపం గదిలో పుడుతోంది, కంప్యూటరులో కాదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్, పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోయి ఉబ్బుతుంది. వాటి రెట్టింపులైన 94, 112 దగ్గరా అంతే. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి, పలికే మంద్ర ధ్వనులు ఈ చుట్టుపక్కలవే. స్పీకరు గోడకో మూలకో ఆనుకుంటే మోత ఇంకా పెరిగి గొంతును కప్పేస్తుంది. గది తెచ్చే హెచ్చుతగ్గులు పది డెసిబెల్స్ దాటడం మామూలే. పనిచేస్తున్న రెండు డాక్‌ల మధ్య తేడా సాధారణంగా ఒక్క డెసిబెల్ కూడా ఉండదు.

సీడీని మించిన వివరంతో భద్రపరిచే హై రిజల్యూషన్ సంగీతం మాటేమిటని అడగవచ్చు. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీల ప్రమాణమే, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, మనిషి చెవి అందుకునే 20 వేల హెర్ట్జ్‌ను దాటి పలుకుతుంది. 2007లో మేయర్, మోరన్ జరిపిన పరీక్షలో, హై రిజల్యూషన్ సంగీతాన్ని మధ్యలో సీడీ ప్రమాణానికి దించినా, ఏది ఏదో చెప్పకపోతే మామూలు స్థాయిలో వినేవాళ్లు పోల్చుకోలేకపోయారు. పైగా 1950ల నాటి సినిమా పాటల్లో 8 వేల హెర్ట్జ్ పైన మిగిలింది చాలా తక్కువ. లేనిదాన్ని ఏ డాకూ పుట్టించలేదు.

డాక్ మార్చగానే తేడా తెలిసిందనే వాళ్లు అబద్ధమాడటం లేదు. మౌస్ కదిపినప్పుడు గరగర, ఇయర్‌ఫోన్‌లో బుస్సుమనే శబ్దం వస్తుంటే, కంప్యూటరు బయట ఉండే చవక యూఎస్‌బీ డాక్ నిజంగానే దాన్ని పోగొడుతుంది. అయితే కొత్త పరికరం రవ్వంత గట్టిగా పలికినా మనకు మేలుగా తోస్తుంది. అందుకే వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చకూడదు.

మీరు చేయాల్సిన పనికి గోడకు మేకు కూడా అక్కర్లేదు. బల్లను పొట్టి గోడ వైపు తిప్పి, గోడ నుంచి అడుగున్నర ముందుకు జరపండి. కుర్చీ గదికి నట్టనడుమ గానీ, వెనక గోడకు ఆనుకుని గానీ ఉండకూడదు. రెండు స్పీకర్లూ మీ తలా సమబాహు త్రిభుజమవ్వాలి, ట్వీటర్లు (స్పీకరులో తార ధ్వనులు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తుకు రావాలి. తర్వాత ‘మాయాబజార్’లోని ఏదైనా పాట పెట్టండి. అది మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నడుమ గాలిలోంచి రావాలి. గొంతు పక్కకు జరిగితే అమరిక కుదరనట్టే. గచ్చు మీద జంపఖానా, పక్క గోడకు పుస్తకాల అలమారా గలగలమనే ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, మోతను మాత్రం తగ్గించలేవు.

చిన్న గదిలో బల్ల జరపడానికి చోటు లేదంటారా? అప్పుడు ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉబ్బిన చోట మాత్రమే కొన్ని డెసిబెల్స్ కోయండి. పడిపోయిన చోట పెంచకండి: అక్కడ తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, ఎంత పెంచినా ఆ చావు తప్పదు. ఇన్ని చేశాకా గొంతు తేటపడకపోతే, ఆ ఇరవై వేలు మెరుగైన స్పీకర్లకు పెట్టండి. గది తర్వాత ఎక్కువ తేడా తెచ్చేవి అవే.