తెలియదనే సమాధానం

ఉత్తరాంధ్రలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రం అభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లారు. సూడాన్ దేశంలోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను పరిశీలించడం అక్కడ ఆయనకు అప్పగించిన పని. రెండు జనసమూహాల కొలతలు కొంతమేర ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పుడు, ఒక పుర్రె ఏ సమూహానిదో నిర్ణయించడంలో పొరపాటుకు తావుంటుంది. అంతకు ముందే, 1945లో, కొలతల నుండి రాబట్టగల ఖచ్చితత్వానికి ఒక హద్దు ఉన్నదని ఆయన నిరూపించారు. అదే 'క్రామర్–రావు అసమానత'. ఇంటిపేరు కల్యంపూడి అయినా, ప్రపంచ గ్రంథాలలో నిలిచినది పేరు చివరి 'రావు' మాత్రమే! ఈ అసమానతను 1967లో హెల్‌స్ట్రామ్ క్వాంటం రంగానికి విస్తరింపజేశారు.

పుర్రెల విషయంలో మరికొన్ని ఎముకలు లభిస్తే సందేహం తగ్గవచ్చు. ఒకే ఒక్క ఫోటాన్ విషయంలో ఆ ఆశ లేదు. కొలిచినంతనే దాని స్థితి మారిపోతుంది. తెలియని స్థితికి నకలు తీయడమూ అసాధ్యం.

ఒక ఫోటాన్ నిలువు ధ్రువణంతో గాని, నిలువుకు 45 డిగ్రీల వాలు ధ్రువణంతో గాని వస్తున్నదనుకుందాం. రెండింటికీ అవకాశం సమానమే. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తీరాలంటే, ఎంత మేలైన పరికరమైనా నూటికి సుమారు 15 సార్లు తప్పుతుంది. అయితే దారిలో ఒక పోలరాయిడ్ పలకను అడ్డంగా నిలిపితే? నిలువు ఫోటాన్ దానిని ఎన్నటికీ దాటలేదు. వాలు ఫోటాన్ సగం సార్లు దాటుతుంది. కనుక దాటినది నిస్సందేహంగా వాలు ఫోటానే. దాటనప్పుడు మాత్రం 'తెలియదు' అని ఊరుకోవాలి. అదేవిధంగా పలకను వాలుకు లంబంగా తిప్పితే నిలువు ఫోటాన్‌ను గుర్తించవచ్చు. ఈ రెండు అమరికలను యాదృచ్ఛికంగా మార్చుతూ ఉంటే నూటికి 25 సార్లు తప్పులేని సమాధానం లభిస్తుంది. ఇవనోవిచ్ 1987లోను, డీక్స్, పెరెస్ 1988లోను చూపిన మార్గంలో ఇది సుమారు 29 వరకు పెరుగుతుంది. అంతకు మించడం ప్రకృతి నియమానికే విరుద్ధం.

ఈ పరిమితి లోపంగా తోచవచ్చు గాని, రహస్య సమాచారానికి ఇదే రక్ష. 1992లో బెన్నెట్ ప్రతిపాదించిన పద్ధతిలో ఇరువురు వ్యక్తులు ఇటువంటి రెండు స్థితులతోనే రహస్య సంకేతాన్ని కూర్చుకుంటారు. 'తెలియదు' అని వచ్చిన ఫోటాన్లను ఇద్దరూ లెక్క నుండి తొలగిస్తారు. నడుమ పొంచి ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదు. తనకు తెలియని ఫోటాన్‌ను పంపక ఊరుకుంటే చేరవలసిన సంఖ్య తగ్గుతుంది. ఊహించి పంపితే తప్పులు పెరుగుతాయి.