వగరు చేసే పని

షడ్రుచుల్లో వగరు ఒకటని చిన్నప్పటినుంచీ అప్పజెబుతున్నాం. నిజానికి అది రుచికంటే స్పర్శ అనడమే సబబు. పచ్చి అరటికాయ కొరికినా, పాలు లేని టీ డికాక్షన్ తాగినా నాలుక గరుకెక్కి పిడచకట్టుకుపోతుంది. నోటిని జారుడుగా ఉంచేవి లాలాజలంలోని ప్రోటీన్లు. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దకట్టించేస్తాయి. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేదీ ఈ గుణంతోనే. పచ్చితోలులోని ప్రోటీన్‌ను టానిన్ బిగించేస్తే అది కుళ్లదు.

తోలుకు జరిగేదే తిండిగింజకూ జరుగుతుంది. టానిన్ అణువు నిండా హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి. అవి ప్రోటీన్ గొలుసుతో హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటాయి. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న ప్రోటీన్లు గట్టిగా మడతపడకుండా వదులుగా ఉంటాయి, అందుకని మరీ సులువుగా దొరికిపోతాయి. జొన్నలోని కాఫిరిన్‌లో ప్రోలీన్ ఎక్కువే. గింజ పొడిగా ఉన్నంతవరకూ టానిన్ పైపొరలో, ప్రోటీన్ లోపల, ఎవరింట్లో వాళ్లు. పిండి విసిరి నీళ్లు పోశామా, రెండూ కలుస్తాయి. ఇక కడుపులో ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేయాల్సిన ఎంజైములకు సందు దొరకదు. ఎంజైములూ ప్రోటీన్లే కదా, వాటినీ టానిన్ పట్టుకోగలదు! తిన్నదాంట్లో కొంత వంటబట్టకుండానే పోతుంది.

అలాగని జొన్నరొట్టెను చూసి భయపడొద్దు. మన బళ్లారి, రాయచూరు వైపు తినే తెల్లజొన్నల్లో టానిన్ దాదాపు ఉండదు. గింజ ఎర్రగా ఉన్నంత మాత్రాన ఉందనీ కాదు, పైతోలు కింద టెస్టా అనే రంగుపొర ఉంటేనే ఉంటుంది. ఆఫ్రికాలో కొన్నిచోట్ల రైతులు కావాలనే అలాంటి జొన్న వేస్తారు. వగరని పిట్టలు తక్కువ తింటాయి. ఇంకో మాట, టానిన్ లేని జొన్న కూడా ఉడికిస్తే ప్రోటీన్ అరుగుదల కొంత తగ్గుతుంది. నేరమంతా టానిన్ మీద వేయకూడదు.

కోలారు, హోసూరు వాళ్లకు అసలు లెక్క రాగులతో. రాగిలో ప్రోటీన్ సుమారు 7 శాతమే. ఉన్నదే తక్కువ, ఆపైన ఇటుకరంగు రాగి పైపొరలో టానిన్. పెద్దవాళ్లకైతే ముద్దలోకి పప్పో, పెరుగో ఉంటుంది గనుక సర్దుకుపోతుంది. రాగిజావ మీదే పెరిగే పసిబిడ్డకు అలా కాదు. అందుకే అవ్వలు రాగులు నానబెట్టి, మొలకకట్టి, ఎండబెట్టి, విసిరి, పలుచని గుడ్డలో జల్లించే పద్ధతికి నాకు గౌరవం. నానిన నీళ్లతో కొంత, మొలకతో కొంత, గుడ్డలో మిగిలిన తవుడుతో కొంత టానిన్ పోతుంది. మొలకెత్తేటప్పుడు గింజలోని ఎంజైములు ప్రోటీన్‌ను ముందే కొంత ముక్కలు చేసిపెడతాయి కూడా. అయితే 100 గ్రాముల రాగిలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అందులో మంచి వాటా ఆ తవుడుతోనే పోతుంది. బిడ్డకు జల్లించినట్టు మన ముద్దకూ జల్లించడం దండగ. మెస్‌లో సంగటి తిన్న చేతులతోనే టీ గ్లాసు అందుకునేవాళ్లకు మరో సంగతి: టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. ఒక గంట ఆగి తాగండి.

ఇదంతా కళ్లతో చూడాలంటే కెమిస్ట్రీ ల్యాబ్‌లో వేడినీళ్లలో కాస్త జెలటిన్ కరిగించి, చల్లారిన చిక్కటి డికాక్షన్ చుక్కలుగా వేయండి. తేటగా ఉన్నది మబ్బుపట్టి, కాసేపటికి అడుగున మడ్డి దిగుతుంది.